పాత పికప్‌కు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్: సరిపోవడం అంటే ఏ వైపు సరిపోవడం?

ఫోర్డ్ ఎఫ్-సిరీస్ పికప్ ట్రక్కుల్లో 1965 నుంచి 1996 దాకా కొనసాగిన ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒకటి ఉంది. పరిమాణం 300 ఘనపుటంగుళాలు. తర్వాతి కాలంలో దీన్నే 4.9 లీటర్ల ఇంజిన్ అన్నారు. సిలిండర్లు ఆరూ ఒకే వరుసలో ఉంటాయి, క్రాంక్ షాఫ్టును ఏడు మెయిన్ బేరింగులు మోస్తాయి, క్యామ్ షాఫ్టును చెయిన్‌కు బదులు గేర్లు తిప్పుతాయి. ఇంత గట్టిగా కట్టిన ఇంజిన్ కావడంతో చుట్టూ ఉన్న బాడీ తుప్పు పట్టి రాలిపోతున్నా లోపల ఇది పని చేస్తూనే ఉంటుంది. అయితే దానికి అతుక్కుని ఉండి, సిలిండర్ల పొగను పోగుచేసి సైలెన్సర్ పైపులోకి పంపే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మాత్రం అంత కాలం బతకదు, ఏదో ఒక రోజు పగులుతుంది. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట.

విడిభాగాల దుకాణంలో మొదట అడిగేది ట్రక్కు ఏ సంవత్సరానిదని. ఈ వెతుకులాటలో చాలామందిని దారి తప్పించేది ఆ ప్రశ్నే అని నా అభిప్రాయం. మ్యానిఫోల్డ్ బిగేది ట్రక్కుకు కాదు, సిలిండర్ల పైన మూతలా ఉండే ఇంజిన్ హెడ్డుకు. ముప్పై, నలభై ఏళ్లు తిరిగిన ట్రక్కులో ఇప్పుడున్న ఇంజిన్ ఫ్యాక్టరీలో పెట్టిందేనని ఎవరూ హామీ ఇవ్వలేరు. చాసిస్ నంబరు చెప్పేది ట్రక్కు ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికి వచ్చిందన్న సంగతి మాత్రమే. ఆ తర్వాత ఎంతమంది యజమానులు మారారో, ఎవరు ఏ హెడ్డు మార్చారో దానికి తెలియదు.

“ఫోర్డ్ ఆరు సిలిండర్ల ఇంజిన్” అని చెప్పినా సరిపోదు. 240, 300 ఘనపుటంగుళాల ఇంజిన్లు రెండూ ఒకే కుటుంబం. పిస్టన్ ప్రయాణించే దూరంలో తేడా ఉన్నా హెడ్డు మీద పోర్టుల (గాలి లోపలికి, పొగ బయటికి వెళ్లే రంధ్రాల) అమరిక ఒకటే కాబట్టి ఒకదాని మ్యానిఫోల్డ్ మరొకదానికి బిగుతుంది. అదే ఫోర్డ్ చిన్న కార్లలో వాడిన 170, 200, 250 ఇంజిన్లది వేరే కుటుంబం. వాటిలో గాలి, ఇంధనం లోపలికి వెళ్లే ఇన్‌టేక్ భాగాన్ని హెడ్డుతోనే కలిపి పోతపోశారు. ఆ ఇంజిన్ల ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌ను ఎంత అరగదీసినా 300కు పట్టదు. 1964 దాకా పికప్‌లలో వచ్చిన 223 ఇంజిన్ కూడా పూర్తిగా వేరు. పాత సామాన్ల ప్రకటనలో “ఫోర్డ్ సిక్స్ మ్యానిఫోల్డ్” అని మాత్రమే రాసి ఉంటే అది ఏ కుటుంబానిదో తేలేదాకా డబ్బు చేతులు మారకూడదు.

ఎందుకు పగులుతుంది?

కొత్తది ఎంచుకోవాలంటే పాతది ఎందుకు పోయిందో తెలియాలి. 300 ఇంజిన్ పాత మ్యానిఫోల్డ్ దాదాపు 60 సెంటీమీటర్ల పొడవున్న ఒకే పోత ఇనుప ముక్క. పోత ఇనుము ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు తన పొడవులో మిలియన్‌లో 11 వంతుల చొప్పున సాగుతుంది. బరువు లాగుతూ ఘాట్ ఎక్కే ట్రక్కులో మ్యానిఫోల్డ్ 500 డిగ్రీల మేర వేడెక్కిందనుకుంటే, లెక్క ప్రకారం అది 3 మిల్లీమీటర్లకు పైగా పొడవు పెరగాలి. అది బిగించి ఉన్న హెడ్డును లోపల నీళ్లు చల్లబరుస్తుంటాయి కనుక హెడ్డు సాగేది అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఈ రెండింటి మధ్య తేడాను ఎవరో ఒకరు భరించాలి. మధ్యలోని బోల్టుల దగ్గర కదలిక తక్కువ. ఆ భారమంతా రెండు చివరల మీద పడుతుంది. మొదటి సిలిండర్, ఆరో సిలిండర్ దగ్గర బోల్టులు తెగిపోవడానికీ, మ్యానిఫోల్డ్ విల్లులా వంగడానికీ, మధ్యలో పగులు రావడానికీ కారణం ఇదే.

అందుకే మంచి మ్యానిఫోల్డ్‌లో చివరి రంధ్రాలు బోల్టు కన్నా కాస్త వెడల్పుగా ఉంటాయి, లోహం జరగడానికి చోటు ఉండాలి కాబట్టి. ఆ రంధ్రాలకు సరిగ్గా పట్టేసే లావు బోల్టు దొరికిందని సంతోషించి బిగించేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. వాళ్లు తదుపరి పగులుకు దారి వేస్తున్నారు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గిందంటే అది పగులు లక్షణమే కావచ్చు. లోహం సాగి సందు మూసుకుంటుంది, శబ్దం ఆగిపోతుంది. శబ్దం పోయింది కదా అని వదిలేయకూడదు. ఆ సందులోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పాత ట్రక్కుల్లో ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్‌కు చిల్లులు పడి ఉంటే అది నేరుగా క్యాబిన్‌లోకి చేరుతుంది.

మూడు ముఖాలు

మ్యానిఫోల్డ్ సరిపోవడం అనేది ఒక్క ప్రశ్న కాదు. దానికి మూడు ముఖాలున్నాయి: హెడ్డు వైపు, సైలెన్సర్ పైపు వైపు, పక్కనే ఉన్న ఇన్‌టేక్, ఇతర భాగాల వైపు. అమ్మేవాడు “సరిపోతుంది” అంటే చాలాసార్లు అది మొదటి ముఖం గురించే. కొన్నవాడు ఇంటికి వెళ్లాక మిగతా రెండూ ఎదురు తిరుగుతాయి.

ఈ మాట బాగా అర్థమయ్యేది 1987లో జరిగిన మార్పును చూస్తే. ఆ ఏడాది 300 ఇంజిన్‌కు కార్బురేటర్ తీసేసి ఎలక్ట్రానిక్ ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టారు. దాంతోపాటు ఒక్క ముక్కగా ఉన్న ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌ను రెండు ముక్కలు చేశారు. ముందు మూడు సిలిండర్లకు ఒకటి, వెనక మూడింటికి ఒకటి. పాత ట్రక్కులున్నవాళ్లు ఇప్పటికీ తుక్కు యార్డుల్లో వెతుక్కుంటూ తిరిగేది ఈ జంట కోసమే. వాళ్ల ఆరాటం సమంజసమైనదే. ముక్క పొడవు సగమైతే చివరల దగ్గర సాగుడు కూడా సగానికి తగ్గుతుంది, బోల్టుల మీద ఒత్తిడి తగ్గుతుంది.

రెండో ప్రయోజనం ఇంకా అందమైనది. ఈ ఇంజిన్‌లో సిలిండర్లు మండే వరుస 1-5-3-6-2-4. క్రాంక్ షాఫ్టు ప్రతి 120 డిగ్రీలకు ఒక సిలిండర్ మండుతుంది. ఆ వరుసను గమనించండి: 1 ముందు వైపుది, 5 వెనకది, 3 ముందు, 6 వెనక, 2 ముందు, 4 వెనక. ముందు ముక్కలోకి పొగ సరిగ్గా 240 డిగ్రీలకు ఒకసారి వస్తుంది, వెనక ముక్కలోకి కూడా అంతే. ఒకే గొట్టంలో ఆరు సిలిండర్లు తోసుకునే చోట, ఇప్పుడు రెండు గొట్టాల్లో మూడేసి చొప్పున సమాన విరామంతో ఊపిరి వదులుతాయి. ఒక సిలిండర్ పొగ పక్క సిలిండర్ పోర్టులోకి వెనక్కి నెట్టే అవకాశం తగ్గుతుంది. విడిగా తయారయ్యే స్టీల్ హెడర్లు (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం ఉండే మ్యానిఫోల్డ్‌లు) కొనకుండానే వాటి లాభంలో మంచి భాగం ఫ్యాక్టరీ పోత ఇనుముతోనే దక్కుతుంది.

మరి 1987 తర్వాతి మ్యానిఫోల్డ్ 1970ల నాటి హెడ్డుకు పడుతుందా? హెడ్డు వైపు పడుతుంది. ఇంజెక్షన్ వచ్చినప్పుడు హెడ్డులో దహన గది ఆకారం మారింది కానీ ఎగ్జాస్ట్ పోర్టులు, బోల్టులు ఉన్న చోట్లు మారలేదు. అయినా విడిభాగాల కేటలాగులో అడిగితే “సరిపోదు” అనే సమాధానం వస్తుంది. కేటలాగు అబద్ధం చెప్పడం లేదు. అమెరికా తుక్కు యార్డులు వాడే హోలాండర్ ఇంటర్‌చేంజ్ లాంటి పట్టికలు ఒక భాగం తీసి ఇంకేమీ మార్చకుండా మరొకటి పెట్టగలమా అనే ప్రశ్నకే జవాబిస్తాయి. ఇక్కడ మార్చాల్సినవి ఉన్నాయి. ఆ పట్టిక కాదన్నంత మాత్రాన లోహం కాదనదు. పట్టిక ఔనన్నా, చేతిలో ఉన్న ముక్క వంగిపోయి ఉంటే లోహం ఔననదు.

రెండో ముఖం పైపు. పాత మ్యానిఫోల్డ్‌కు ఒక్కటే నోరు, కొత్త జంటకు రెండు. కాబట్టి మ్యానిఫోల్డ్ నుంచి కిందికి దిగే పాత డౌన్ పైపు పనికిరాదు. రెండు నోళ్లను ఒకటి చేసే ‘వై’ పైపు కావాలి. మ్యానిఫోల్డ్ తీసుకున్న ట్రక్కు నుంచే ఆ పైపు కూడా, అది తుప్పు పట్టి ఉన్నా సరే, తెచ్చుకోవడం తెలివైన పని. పైపును మళ్లీ చేయించుకోవాలన్నా ఫ్లాంజ్ (బోల్టులు బిగే అంచు) ఆకారం, లీకు కాకుండా మధ్యలో పెట్టే రింగు గ్యాస్కెట్ కొలత, వంపు కోణం దాని నుంచే తీసుకోవచ్చు. అయితే 1990 నాటి ఎఫ్-150 కింద చక్కగా పట్టిన పైపు 1972 నాటి ఎఫ్-100 కింద పడుతుందని అనుకోకూడదు. పాత ట్రక్కుల్లో క్లచ్‌ను కడ్డీలు, లివర్లు నడిపిస్తాయి. గేర్ బాక్సును మోసే అడ్డపట్టీ మరో చోట ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు చక్రాలకు వెళ్లే షాఫ్టు కూడా అడ్డు వస్తుంది. వీటి మధ్య నుంచి పైపును నడిపించడం సైలెన్సర్ పని చేసేవాళ్ల నైపుణ్యం. అందుకయ్యే ఖర్చును మ్యానిఫోల్డ్ ధరతో కలిపే చూడాలి.

మూడో ముఖం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మరిచేది ఇదే. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ హెడ్డుకు ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటర్ కాలంలో అవి పక్కపక్కన ఉండటమే కాదు, మధ్యలో ఒకదానికొకటి బోల్టులతో కలిసి ఉండేవి. ఎగ్జాస్ట్ వేడి పైకి తగిలి, సరిగ్గా కార్బురేటర్ కింద ఇన్‌టేక్ నేలను వేడి చేసేది. అలా ఎందుకు చేశారంటే, పెట్రోలు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడి అందకపోతే పెట్రోలు ఇన్‌టేక్ గోడల మీద ద్రవంగానే పారుతుంది. కార్బురేటర్‌కు దగ్గరున్న సిలిండర్లకు ఒక పాళ్లలో, చివరలున్న 1, 6 సిలిండర్లకు మరో పాళ్లలో ఇంధనం చేరుతుంది. తేమ ఉన్న చల్లటి ఉదయాల్లో కార్బురేటర్ గొంతులో మంచు కట్టి ఇంజిన్ ఆగిపోవచ్చు కూడా.

ఇంజెక్షన్ ఇంజిన్‌లో ఇంధనాన్ని ప్రతి పోర్టు దగ్గరే చల్లుతారు కాబట్టి ఈ వేడితో అవసరం లేదు. 1987 తర్వాతి ఎగ్జాస్ట్ జంటలో ఆ కలయిక చోటే లేదు. దాన్ని కార్బురేటర్ ఇంజిన్‌కు బిగిస్తే అన్నీ పడతాయి, బోల్టులన్నీ బిగుస్తాయి, చప్పుడు బాగుంటుంది. ఎండాకాలంలో తేడా తెలియకపోవచ్చు, చలికాలం వచ్చేసరికి బండి మొరాయిస్తుంది. దీనికి మంచి పరిష్కారం ఇన్‌టేక్ అడుగున, పాత ఎగ్జాస్ట్ కలిసే చోట, వేడి నీళ్లు ప్రవహించే పలకను బిగించడం. హీటర్ గొట్టం నుంచి నీటిని దానిలోకి మళ్లిస్తే సరి. చల్లటి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు దీన్ని ఐచ్ఛికం అనుకోకూడదని గట్టిగా చెబుతాను.

దీనికి తిరగేసిన సందర్భమూ ఉంది. పాత ఒక్క ముక్క ఎగ్జాస్ట్‌నే ఉంచి, పైన నాలుగు గొంతుల కార్బురేటర్ కోసం వేరే ఇన్‌టేక్ పెడితే, ఎగ్జాస్ట్ పైభాగంలో ఉన్న రంధ్రం తెరిచి ఉండిపోతుంది. దానికి మందపాటి పలకతో మూత వేయాలి. ఇలా విడిగా దొరికే కొన్ని ఇన్‌టేక్‌లు ఇంజెక్షన్ కాలపు ఎగ్జాస్ట్ జంటకు తగులుతాయి కూడా. అక్కడక్కడ గ్రైండింగ్ చేయక తప్పదు.

ఇక ఒకే బోల్టు రెండింటినీ పట్టుకునే చోట్లు. ఇన్‌టేక్ ఫ్లాంజ్, ఎగ్జాస్ట్ ఫ్లాంజ్ పక్కపక్కన కూర్చుని, మధ్యలో ఒక మందపాటి వాషర్ రెండింటినీ కలిపి నొక్కుతుంది. రెండు ఫ్లాంజ్‌ల మందం సమానంగా ఉంటేనే ఒత్తిడి సమానంగా పడుతుంది. ఒకటి ఒక మిల్లీమీటరు మందంగా ఉన్నా వాషర్ దాని మీదే కూర్చుంటుంది, రెండోది వదులుగా ఉండిపోతుంది. ఎంత మంచి గ్యాస్కెట్ పెట్టినా, ఎన్నిసార్లు బిగించినా లీకు ఆగదు. వేర్వేరు తయారీదారుల భాగాలు కలిపినప్పుడు ఇది చాలా మామూలు. కొనే ముందు కాలిపర్‌తో రెండు మందాలూ కొలవండి.

చిన్న రంధ్రాల లెక్క కూడా ఈ ముఖంలోనే వస్తుంది. కొన్ని పాత ట్రక్కుల్లో ఆటోమేటిక్ చోక్‌కు వేడి గాలి ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ నుంచే వెళ్తుంది. కొత్త మ్యానిఫోల్డ్‌లో ఆ ఏర్పాటు లేకపోతే ఎలక్ట్రిక్ చోక్‌కు మారాలి. ఇంజెక్షన్ కాలపు మ్యానిఫోల్డ్‌లో పొగను కొంత తిరిగి ఇన్‌టేక్‌కు పంపే ఈజీఆర్ గొట్టానికి మర ఉంటుంది. మీ ఇంజిన్‌కు అది అక్కర్లేకపోతే బిరడా వేయాలి. ఇంజెక్షన్ ట్రక్కుకే పెడుతుంటే ఆక్సిజన్ సెన్సర్ ఎక్కడ కూర్చుంటుందో ముందే చూసుకోవాలి. దాని మర 18 మిల్లీమీటర్లది. సెన్సర్‌కు ముందు ఎక్కడ చిన్న లీకు ఉన్నా పొగ అలల మధ్య బయటి గాలి లోపలికి చొరబడుతుంది. సెన్సర్ దాన్ని ఇంధనం చాలడం లేదనే సంకేతంగా చదువుతుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోయిందని ఇంజెక్టర్లు మార్చుకునేవాళ్లు ముందు మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్‌ను చూడాలి.

అంకెలు చదవడం

ఫోర్డ్ పోత భాగాల మీద ఉబ్బెత్తుగా కొన్ని అక్షరాలు, అంకెలు ఉంటాయి. తీగ బ్రష్‌తో తుప్పు గోకితే కనిపిస్తాయి. మొదటి అక్షరం దశాబ్దం: సి అంటే 1960లు, డి అంటే 1970లు, ఇ అంటే 1980లు, ఎఫ్ అంటే 1990లు. తర్వాతి అంకె ఆ దశాబ్దంలో ఏడాది. మూడోది టీ అయితే ట్రక్కు. మధ్యలో ఉండే నాలుగంకెల సంఖ్య అది ఏ రకం భాగమో చెబుతుంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కు అది 9430. వీ ఆకారపు ఇంజిన్లలో రెండో వైపుదానికి 9431. కనుక ఇ7టీ అని మొదలై 9430 అని ఉంటే, అది 1987లో ట్రక్కు కోసం రూపొందిన ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. నంబరులో కనిపించే ఏడాది డిజైన్ జరిగిన ఏడాదే తప్ప ముక్క తయారైన ఏడాది కాదు. 1987 డిజైన్ నంబరుతో 1992 నాటి ట్రక్కులో భాగం ఉండటంలో వింత లేదు. రెండు, పోతలో ఉన్న నంబరు, దుకాణం కౌంటర్ దగ్గర అడిగే విడిభాగం నంబరు చాలాసార్లు ఒకటి కావు. పోత నంబరు చెప్పి దుకాణదారు లేదన్నాడంటే ఆ భాగం ఎక్కడా దొరకదని అర్థం కాదు.

అంకెలు కుదిరినా కళ్లతో చూడకుండా కొనకూడదు. పోర్టుల వైపు ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద ఎక్కడ వెలుతురు కనిపిస్తుందో చూడాలి, ఫీలర్ గేజ్‌తో ఆ సందు కొలవాలి. ఎంత వంపును ఒప్పుకోవచ్చో వర్క్‌షాప్ మాన్యువల్ చెబుతుంది. కాస్త వంగినదాన్ని మెషిన్ షాపులో చదును చేయించవచ్చు. పాత ఒక్క ముక్క రకమైతే ఇన్‌టేక్‌తో కలిపి బిగించి, రెండింటినీ ఒకేసారి చదును చేయించాలి. విడివిడిగా చేయిస్తే మందాలు మారి మళ్లీ వాషర్ సమస్యే ఎదురవుతుంది. పగిలిన పోత ఇనుమును నికెల్ రాడ్‌తో, ముందుగా వేడి చేసి, నెమ్మదిగా చల్లార్చి వెల్డింగ్ చేసేవాళ్లున్నారు. అది గొప్ప పనితనం. కానీ పగులుకు కారణమైన సాగుడు అలాగే ఉంటుంది కాబట్టి, వేరే ముక్క దొరికే అవకాశం ఉన్నంతవరకు నేను ఆ దారి సూచించను.

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీలు, జీపుల మీద పనిచేసిన మెకానిక్‌లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మోడల్ పేరు చెప్పి ఊరుకోరు, పాత ప్యాకింగ్‌ను వెంట తెచ్చి కొత్త ముక్క మీద పరిచి రంధ్రాలు సరిచూస్తారు. డాలస్‌లోనో, ఫ్రీమాంట్‌లోనో స్థిరపడి, వారాంతాల్లో పాత ఫోర్డును బాగుచేసుకుంటున్న తెలుగువాళ్లకు నేను చెప్పగలిగిన అతి చౌకైన సలహా కూడా అదే. మీ హెడ్డుకు సరిపోయే కొత్త గ్యాస్కెట్ ఒకటి ముందే కొని, తుక్కు యార్డుకు వెంట తీసుకెళ్లండి.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు వాహనాలకు స్మాగ్ పరీక్ష ఉంటుంది. దాంట్లో పొగ కొలతతోపాటు భాగాలను కంటితో చూసే తనిఖీ కూడా ఉంటుంది. విడిగా దొరికే హెడర్లు పెడితే వాటికి ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చిన అనుమతి సంఖ్య ఉండాలి. ఫ్యాక్టరీ భాగమే అయినా మీ ట్రక్కు ఏడాదికి చెందనిది కనిపిస్తే ప్రశ్నలు తప్పవు. 1975, అంతకు ముందువాటికి ఆ పరీక్ష లేదు. అయితే ఉద్గార నియంత్రణ పరికరాలను పనిచేయకుండా చేయడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. మీ ట్రక్కుకు ఫ్యాక్టరీ ఇచ్చిన ఈజీఆర్‌ను మూసేయడం ఆ నిషేధం కిందికే రావచ్చు.

బిగించే రోజున తొందర పనికిరాదు. పాత బోల్టులు తీసే ముందు నూనె వేసి, అవసరమైతే వేడి చేసి, ఓపికగా అటూ ఇటూ కదపాలి. తెగిన స్టడ్డు కొన మిగిలితే దానికి నట్టు వెల్డ్ చేసి తిప్పడం, డ్రిల్లింగ్ కన్నా తరచుగా ఫలిస్తుంది. ఒక్క ముక్క రకంలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్‌లను ముందు వదులుగా కలిపి, హెడ్డుకు మధ్య నుంచి చివరలకు మాన్యువల్ చెప్పిన వరుసలో బిగించి, చివరగా ఆ రెండింటినీ కలిపే బోల్టులు గట్టి చేయాలి. ముందే వాటిని గట్టి చేస్తే రెండూ మెలితిరిగి హెడ్డు మీద కూర్చోవు. ఇంజిన్‌ను కొన్నిసార్లు పూర్తిగా వేడెక్కించి చల్లార్చాక బోల్టులు మరోసారి చూసుకోవాలి. కొత్త గ్యాస్కెట్ అప్పటికి కొంత అణిగి ఉంటుంది.